గినీ పిగ్ మేత మానితే వయసు ఖాతాలో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రికలోని పెంపుడు జంతువుల శీర్షికలో ఒక పాఠకురాలి ప్రశ్న వచ్చింది. ఐదేళ్లు దాటిన తన గినీ పిగ్ (తోకలేని పెద్ద ఎలుకలా ఉండే పెంపుడు జంతువు) కొన్నాళ్లుగా మేత సరిగ్గా ముట్టడం లేదని ఆమె అడిగారు. వయసు పెరిగేకొద్దీ ఆకలి మందగించడం సహజమేననీ, మెత్తటి ఆకులు పెడుతూ రెండు మూడు వారాలు గమనించి చూడమనీ జవాబు ఇచ్చారు. ఆ జవాబు సదుద్దేశంతో ఇచ్చిందేననడంలో నాకు సందేహం లేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల విషయంలోనో, ముసలి కుక్క విషయంలోనో కొంతవరకు చెల్లే ఆ మాట గినీ పిగ్ విషయంలో చెల్లదు. ఈ ప్రాణికి రెండు మూడు వారాలు కాదు కదా, రెండు రోజులు ఆగి చూడటం కూడా ప్రమాదమే. ఇదే పరిస్థితి మా ఇంట్లో ఎదురైనప్పుడు మొదట తప్పుగా అర్థం చేసుకుని, ఆలస్యంగా దిద్దుకున్న దాన్ని కాబట్టి, ఆ ప్రశ్న పంపినవారికి ఇంకా సమయం మించిపోలేదన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి కాస్త ఎక్కువైనా ప్రచురించమని కోరుతున్నాను.

మా గినీ పిగ్ పేరు బంతి. ఒళ్లంతా బంతిపువ్వు రంగు జూలు ఉండేది కాబట్టి మా అమ్మాయి పెట్టిన పేరు అది. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి దానికి ఆరేళ్లు నిండాయి. గినీ పిగ్‌లు మామూలుగా ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతాయి, కొన్ని ఎనిమిదేళ్ల దాకా కూడా ఉంటాయి. అంటే ఆరేళ్లు ముసలితనమేనన్న మాట కాదనను. నడకలో జోరు తగ్గింది, ఒక కంటిలో పొర కమ్మింది, పగలు ఎక్కువసేపు మూలన పడుకునేది. అందువల్లే ఒకరోజు ఎండుగడ్డి వేసింది వేసినట్టే మిగిలిపోతే ఇంట్లో ఎవరమూ కంగారు పడలేదు. నాలుగైదు రోజులకు గిన్నెలో పెల్లెట్లు (దుకాణంలో దొరికే గుళికల మేత) కూడా మిగలడం మొదలైంది. ముసలిది కదా, తిండి తగ్గదా అనుకున్నాం.

అయితే ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు వినగానే అది ఎప్పటిలాగే కీచుకీచుమంటూ ముందుకు పరుగెత్తుకొచ్చేది. కొత్తిమీర రెమ్మ అందిస్తే నోటితో లాక్కునేది. రెండు మూడు సార్లు దవడ ఆడించి, తల ఒక పక్కకు వంచి, రెమ్మను కింద వదిలేసేది. కాసేపు దాన్నే చూసి మళ్లీ పట్టుకునేది, మళ్లీ వదిలేసేది. చివరకు వెనక్కి తిరిగి వెళ్లి మూలన కూర్చునేది. ఆకలి చచ్చిన జంతువు తలుపు చప్పుడుకు పరుగెత్తుకు రాదు. అది తినాలనుకుని తినలేకపోతోందని గ్రహించడానికి ఆ ఒక్క దృశ్యం చాలు. రోజూ కళ్లముందు చూస్తూ కూడా నాకు అది తట్టలేదు. ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండి తినలేకపోవడం వేరు. ఈ తేడాను పట్టుకోవడం మీదే తర్వాత కథంతా ఆధారపడి ఉంటుంది.

మేం మొదట చూపించిన వైద్యుడు పశువులకూ కుక్కలకూ ఎన్నో ఏళ్లుగా వైద్యం చేస్తున్న అనుభవజ్ఞుడు. పెదవి పైకెత్తి ముందు పళ్లు చూసి, బాగానే ఉన్నాయన్నారు. వయసైపోయిందనీ, ఆకలి పుట్టడానికి టానిక్ ఇస్తాననీ చెప్పారు. మేమూ ఆ మాటే వినాలనుకున్నాం కాబట్టి మరో ప్రశ్న వేయకుండా ఇంటికి వచ్చేశాం. ఆ టానిక్ వాడుతూ తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాం. పదో రోజున మా అమ్మాయి వంటింట్లోని డిజిటల్ తూకం మీద దాన్ని కూర్చోబెడితే 905 గ్రాములు తూగింది. నాలుగు నెలల క్రితం టీకా కోసం కుక్కను తీసుకెళ్లినప్పుడు దీన్నీ సరదాగా తూచి, ఆ చీటీ మీద రాయించుకున్న బరువు 1040 గ్రాములు. పోయింది 135 గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ కిలో బరువున్న ప్రాణికి 100 గ్రాములంటే 60 కిలోల మనిషికి ఆరు కిలోలు. అంత బరువు తగ్గినా చేత్తో పట్టుకుంటే మాకు తెలియలేదు, ఎందుకంటే జూలు అదే, ఆకారం అదే.

గినీ పిగ్ విషయంలో ఇంత తొందర ఎందుకో చెప్పాలి. ఇది పూర్తిగా గడ్డీ ఆకులూ తిని బతికే జంతువు. తిన్న పీచు అంతా అంధనాళం అనే పెద్ద సంచిలాంటి భాగంలో చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, అప్పుడు పోషకంగా మారుతుంది. పేగులు కదులుతూ ఉండాలంటే వెనకనుంచి పీచు వచ్చి చేరుతూనే ఉండాలి. అందుకే ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్ రాత్రనకా పగలనకా కొంచెం కొంచెంగా నములుతూనే ఉంటుంది. మేత ఆగిందా, పేగుల కదలిక మందగిస్తుంది, గాలి చేరి పొట్ట నొప్పి పుడుతుంది, నొప్పివల్ల మేత ఇంకా తగ్గుతుంది. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, చెరుపు చేసేవి పెరుగుతాయి. మరోపక్క శక్తి కోసం ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. బొద్దుగా ఉన్నవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. పన్నెండు గంటలకు పైగా ఏమీ తినని గినీ పిగ్‌ను ఆ రోజే వైద్యుడికి చూపించాలని ఈ జంతువుల వైద్యం తెలిసినవారు గట్టిగా చెప్పేది ఇందుకే. జబ్బు ఏదైనా కావచ్చు, ప్రాణం తీసేది మాత్రం చాలాసార్లు తిండి లేకపోవడమే.

రెండో వైద్యురాలు, కుందేళ్లకూ గినీ పిగ్‌లకూ ప్రత్యేకంగా వైద్యం చేసే ఆవిడ, మా మాట వింటూనే దాని గడ్డం కింద వేలు పెట్టి చూశారు. అక్కడి జూలు తడిసి, ఎండి, ముద్దగా అతుక్కుపోయి ఉంది. చొల్లు కారుతోందన్నమాట. ఇన్నాళ్లుగా రోజూ ఎత్తుకుంటున్నా మేమెవరం ఆ గడ్డం కింద చూడలేదు. తర్వాత సన్నటి దీపపు గొట్టం నోట్లో పెట్టి లోపలి దవడ పళ్లు మాకూ చూపించారు. కింది దవడలోని రెండు పక్కల పళ్లు లోపలికి వాలి పెరిగి, నాలుక మీద దాదాపు వంతెన కట్టేశాయి. నాలుక ఆ వంతెన కింద ఇరుక్కుపోయింది. ఆకును నోట్లోకి లాక్కోవడానికి ముందు పళ్లు చాలు, కానీ దాన్ని వెనక్కి నెట్టి మింగడానికి నాలుక కదలాలి. అందుకే అది పట్టుకునేది, వదిలేసేది.

గినీ పిగ్‌కు మొత్తం 20 పళ్లు. ముందు నాలుగు, మిగిలిన పదహారూ దవడ పళ్లు. ఎలుకకు ముందు పళ్లు మాత్రమే జీవితాంతం పెరుగుతాయి, దీనికి ఇరవైకి ఇరవై పళ్లూ చనిపోయేదాకా పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని దవడ అటూ ఇటూ కదుపుతూ గంటల తరబడి నమిలినప్పుడే అవి సమంగా అరుగుతాయి. ఏ కారణం చేతనైనా గడ్డి తగ్గి, మెత్తటి తిండి పెరిగితే అరుగుదల తగ్గుతుంది, పళ్లు వంకరగా పెరుగుతాయి, వంకర పళ్లతో గడ్డి నమలడం ఇంకా కష్టమవుతుంది. కింది పళ్లు నాలుకవైపు, పై పళ్లు బుగ్గవైపు వాలడం దీని నోటి తీరు. పై పళ్ల వేళ్లు పైకి పొడుచుకొస్తే కన్ను అదేపనిగా నీరు కారుతుంది. నోరు ఎంత ఇరుకంటే బయటనుంచి పెదవి ఎత్తి చూస్తే దవడ పళ్లు కనిపించవు, ముందు పళ్లు బాగున్నంత మాత్రాన వెనక పళ్లు బాగున్నట్టు కాదు. సరిగ్గా చూడాలంటే తగిన పరికరం కావాలి, పళ్ల వేళ్ల స్థితి తెలియాలంటే తలకు ఎక్స్-రే తీయాలి, అరగదీయాలంటే మత్తు ఇవ్వాలి. మీ శీర్షికలో సలహా ఇచ్చినట్టు మెత్తటి ఆకులు మాత్రమే పెడుతూ గమనిస్తే, పంటి జబ్బు ఉన్న గినీ పిగ్‌కు ఆ జబ్బును పెంచినట్టే అవుతుంది. నన్ను ఈ ఉత్తరం రాయించింది ముఖ్యంగా ఈ భయమే.

అన్నిసార్లూ కారణం పళ్లే కానక్కరలేదు. వయసు మళ్లిన ఆడ గినీ పిగ్‌లలో అండాశయాల్లో నీటి తిత్తులు చాలా మామూలు. రెండు పక్కలా ఒకే తీరుగా జూలు రాలడం, పొట్ట ఉబ్బడం వాటి జాడలు. మూత్రాశయంలో రాళ్లు ఉంటే మూత్రం పోసేటప్పుడు మూలుగుతుంది, మూత్రంలో రక్తం కనిపిస్తుంది. ముసలి మగవాటిలో మలద్వారం దగ్గరి కండరాలు సడలి పెంటికలు ముద్దగా పేరుకుపోతాయి. కీళ్లు అరిగితే నోరు బాగున్నా ఎత్తులో ఉన్న గడ్డి బుట్టను అందుకోలేదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, అరికాళ్ల పుండ్లు, చెవిలో చీము, వీటిలో ఏది వచ్చినా పైకి మొదట కనిపించేది మేత తగ్గడమే. ఎందుకంటే ఇది వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి. నొప్పిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. అడవిలో నొప్పి బయటపెట్టుకున్నది బతకదు. మన ఇంట్లో అది మేత వదిలేసే రోజు వచ్చిందంటే, దాచుకోగలిగినంత కాలం దాచుకుని ఇక దాచలేని స్థితికి వచ్చిందని అర్థం. దీనికి పూర్తిగా ఎదురైన సంగతి కూడా ఒకటి ఉంది. కొన్ని ముసలి గినీ పిగ్‌లు ముందుకన్నా ఎక్కువ తింటూనే చిక్కిపోతాయి. అలా అయితే థైరాయిడ్ గ్రంథిని అనుమానించాలి. కాబట్టి గిన్నె ఖాళీ అవుతోంది కదా అని బరువు చూడటం మానేయకూడదు.

విటమిన్ సి గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. జంతువుల్లో ఎక్కువ భాగం తమకు కావలసిన విటమిన్ సి తామే తయారు చేసుకుంటాయి. మనిషిలాగే గినీ పిగ్ కూడా దాన్ని తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు వట్టి ధాన్యం మీద పెంచిన గినీ పిగ్‌లకు మనుషులకు వచ్చే స్కర్వీ (చిగుళ్లు వాచి రక్తం కారే జబ్బు) లాంటి జబ్బే రావడం, ఆకుకూరలు పెడితే అది రాకపోవడం గమనించారు. ఆ పరిశీలనే తర్వాత విటమిన్ సి కనిపెట్టడానికి దారి చూపింది. మనకు ఇంత మేలు చేసిన జంతువుకు ఇప్పటికీ ఆ విటమిన్ లోటుతోనే చిగుళ్లు వాచి, కీళ్లు నొప్పిపెట్టి, మేత మాని మంచం పట్టే గతి రావడం నాకు బాధగా ఉంటుంది. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బు పడితే ఇంకా ఎక్కువ. మేత తగ్గిన ముసలిదానికి అసలే అందేది తక్కువ. పెల్లెట్లలో కలిపిన విటమిన్ సి తయారైన కొన్ని నెలల్లోనే చాలావరకు నశిస్తుంది, కాబట్టి చవగ్గా వచ్చిందని పెద్ద సంచి కొని ఏడాది పొడుగునా వాడితే ఆ విటమిన్ అందదు. తాగే నీళ్లలో చుక్కలు కలపడం కూడా మంచి పద్ధతి కాదు. వెలుతురు తగిలి అది నశించడం ఒకటి, రుచి మారిన నీళ్లను గినీ పిగ్ తాగడం మానేయడం మరొకటి. క్యాప్సికం ముక్క తినగలిగితే అది చాలా మంచిది, తినలేకపోతే వైద్యుడు చెప్పిన మోతాదును నేరుగా నోట్లో వేయడమే నయం.

మత్తు ఇచ్చి పళ్లు అరగదీసిన రోజు సాయంత్రం బంతిని ఇంటికి తెచ్చాం. ఇక తింటుందనుకున్నాం. తినలేదు. దాదాపు రెండు వారాలు సరిగ్గా వాడని దవడ కండరాలు నీరసించిపోతాయనీ, నోట్లో నాలుక రాసుకుపోయిన పుండు మానాలనీ, అందాకా మనమే తినిపించాలనీ వైద్యురాలు ముందే చెప్పారు. గడ్డి తినే జంతువుల కోసం ప్రత్యేకంగా చేసిన పీచు పొడి ఇచ్చారు. అది దొరకని పూట వాడే పెల్లెట్లనే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, వడకట్టి పెట్టవచ్చన్నారు. సిరంజితో తినిపించడం పుస్తకంలో చదివినంత సులువు కాదు, చేతులు నేర్చుకోవాల్సిన పని. అందుకని మేం నేర్చుకున్నది కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా నొప్పి మందు, అరగంట ఆగి ఆహారం. నోరు నొప్పిపెడుతుంటే ఏ ప్రాణీ మింగదు, ఈ వరస తప్పితే తినిపించడం కుస్తీ అవుతుంది. తువ్వాలును ఒళ్లో పరిచి, దాన్ని నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టి, వీపూ పక్కలూ వదులుగా చుట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టడం ఎంతమాత్రం కూడదు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1 మిల్లీలీటరు సిరంజే మంచిది, పెద్ద సిరంజితో ఒక్క నొక్కుకు ఎంత పడుతుందో మన చేతిలో ఉండదు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. పెదవి పక్కనుంచి ఆ ఖాళీలోకి సిరంజి మొన జరిపి, మిల్లీలీటరులో నాలుగో వంతు మాత్రమే వదలాలి. వదిలి ఆగాలి. దవడ కదలడం, తర్వాత గొంతు కదలడం కనిపిస్తే అప్పుడు మళ్లీ నాలుగో వంతు. మింగకుండా రెండోది వదిలితే అది గడ్డం మీదైనా కారుతుంది, శ్వాసనాళంలోకైనా పోతుంది. మొదటి రోజు నేను తొందరపడితే బంతి తుమ్మి, కళ్లు మూసుకుని, పళ్లు కొరుక్కుంటూ బిగుసుకుపోయింది. పళ్లు కొరకడం దానికి నొప్పి ఉందన్న సంకేతమని తర్వాత తెలిసింది. ఆ పూట అక్కడితో ఆపేశాం. రెండో రోజు మా అమ్మాయి సిరంజి మొనకు దానికిష్టమైన కొత్తిమీర రసం కొంచెం రాసింది. నాలుక బయటికి వచ్చి ఆ మొనను నాకింది. అదే మొదలు.

మూడు నాలుగు గంటలకోసారి తినిపించాం. రాత్రి పదకొండుకొకటి, తెల్లవారుజామున మూడుకొకటి. ప్రతిసారీ అయ్యాక గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో గడ్డం తుడిచేవాళ్లం, లేకపోతే అక్కడి చర్మం ఒరుసుకుపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు లోపలికి పోయిందో, ఎన్ని పెంటికలు వేసిందో, పొద్దున బరువెంతో ఒక నోటు పుస్తకంలో రాసేవాళ్లం. పెంటికలు లెక్కపెట్టడం ఎవరికైనా వింతగా తోస్తుందేమో. కానీ లోపల ఏం జరుగుతోందో మనకు చెప్పేవి అవే. నిండుగా, సమానంగా, కోలగా ఉంటే పేగులు నడుస్తున్నట్టు. చిన్నవై, గట్టిపడి, నీటిచుక్కలా ఒకవైపు సాగి ఉంటే లోపలికి చాలినంత పోవడం లేదన్నట్టు. ఒకటీ లేకపోతే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. పొట్ట డోలులా బిగుసుకుని ఉబ్బి ఉన్నప్పుడు సిరంజితో తినిపించకూడదు. గినీ పిగ్‌కు వాంతి చేసుకునే శక్తి లేదు, లోపల దారి మూసుకుపోయి ఉంటే తినిపించినకొద్దీ ప్రమాదం. ముందు వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

ఆరో రోజు తెల్లవారుజామున ఆహారం కలుపుతుండగా పెట్టెలోనుంచి సన్నటి చప్పుడు వినిపించింది. లైటు వేయకుండా వంగి చూశాను. ఒక్క గడ్డిపోచ చివర నోట్లో పెట్టుకుని, అది కరకరలాడిస్తూ, అంగుళం అంగుళంగా లోపలికి లాక్కుంటోంది. పోచ మొత్తం అయిపోయాక కాసేపు ఊరుకుని రెండోది అందుకుంది. అలా అని ఆ రోజే సిరంజి మానేయలేదు. తనంతట తాను తిని బరువు నిలబెట్టుకునేదాకా, మొత్తం మూడు వారాలు, తగ్గించుకుంటూ పెట్టాం. 872 దాకా దిగిన బరువు నెలన్నరకు 980కి చేరింది. ఆ తర్వాత రెండు నెలలకోసారి పళ్లు చూపించాల్సి వచ్చేది, ఒకసారి వంకరపోయిన పళ్లు మళ్లీ వంకరగానే పెరుగుతాయి. ఆ భారం మోయగలమా అన్నది ఎవరికి వారు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి.

మందుల విషయంలో ఒక మాట. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇస్తే, మనకూ కుక్కలకూ మేలు చేసే ఆ మందులే గినీ పిగ్ పేగుల్లోని సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొట్టి, విషం పుట్టించి, రోజుల్లోనే చంపేస్తాయి. ఇంట్లో మిగిలిన పిల్లల మందులు చుక్క కూడా వేయకూడదు. వైద్యుడు రాసిన చీటీ చూసి ఈ మందు గినీ పిగ్‌కు పనికివస్తుందా అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు, తెలిసిన వైద్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇల్లు కూడా ముసలిదాని వీలుకు తగ్గట్టు మార్చాలి. మేం గడ్డి బుట్ట తీసేసి, అది పడుకునే చోటికి రెండడుగుల్లోపే మూడు చోట్ల నేల మీదే గడ్డి పెట్టాం. ముదురు కాడలు ఎక్కువున్న గడ్డి కాకుండా ఆకు ఎక్కువున్న మెత్తటి రకం ఎంచుకున్నాం, అయితే గడ్డి మాత్రం మాన్పించలేదు. సీసాకు మెడ ఎత్తలేకపోతోందని బరువైన లోతు తక్కువ గిన్నెలో నీళ్లు కూడా పెట్టాం. క్యాప్సికం అగ్గిపుల్లల్లా సన్నగా తరిగితే తినేది, ముక్కలుగా పెడితే వదిలేసేది. ఇవి గుంపుగా బతికే జంతువులు కాబట్టి జబ్బు పడినదాన్ని తోడునుంచి పూర్తిగా విడదీస్తే దిగులుతో మేత ఇంకా తగ్గుతుంది. అలా అని కలిపి ఉంచితే ఎవరెంత తిన్నదీ తెలియదు, పైగా బలంగా ఉన్నది ముసలిదాని వాటా కూడా తినేస్తుంది. మధ్యలో జాలీ పెట్టి, ఒకదాని ముక్కు ఒకదానికి అందేలా ఉంచి, తినిపించే వేళలే విడిగా పెట్టుకోవడం మాకు కుదిరిన మధ్యేమార్గం.

బంతి ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. చివర మళ్లీ మేత తగ్గింది. ఈసారి ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించాం. పళ్లు బాగానే ఉన్నాయి, ఎక్స్-రేలో గుండె పెరిగి ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మందులతో రెండు వారాలు కాస్త తేరుకుంది. తర్వాత ఒకరోజు సిరంజి మొనకు రాసిన కొత్తిమీర రసం వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. ఫ్రిజ్ తలుపు తీస్తే పెట్టెలోనుంచి చప్పుడు లేదు. మొదటిసారికీ ఈసారికీ తేడా మా ఇంట్లో అందరికీ అర్థమైంది. బలవంతంగా తినిపించడం ఇక దాని కోసం కాదు, మా కోసమే అవుతుందని వైద్యురాలు నెమ్మదిగా చెప్పారు. ఒప్పుకున్నాం. నొప్పి లేకుండా సాగనంపాం. అప్పుడు కూడా దాని వయసే కారణమని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ మాట అనడానికి ముందు నోరు చూశాం, గుండె చూశాం, తూచాం. చూడకుండా అన్న మాటకూ చూసి అన్న మాటకూ మధ్య ఉన్నవి ఆ ఎనిమిది నెలలు.

కాబట్టి నా కోరిక ఇది. వచ్చే వారం అదే శీర్షికలో, అదే చోట, ఆ జవాబును సవరించి ప్రచురించండి. ప్రశ్న పంపిన పాఠకురాలి చిరునామా మీ దగ్గర ఉంటే పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఫోను చేసో, ఉత్తరం రాసో ముందే చెప్పండి. అమ్మా, మీరు ఈ ఉత్తరం చదువుతుంటే, ఈ రోజే దాన్ని వంటింటి తూకం మీద కూర్చోబెట్టి అంకె రాసుకోండి, గడ్డం కింద జూలు తడిగా ఉందేమో వేలితో తడిమి చూడండి, రేపు పొద్దున పెంటికలు ఎన్ని, ఎంతేసి ఉన్నాయో చూడండి. మీ వైద్యుడిని దవడ పళ్లు చూశారా అని అడగండి, ఆ పరికరం లేదంటే ఎక్కడ ఉందో వారినే చెప్పమనండి. పన్నెండు గంటలుగా ఏమీ తినకపోతే మాత్రం రేపటిదాకా కూడా ఆగకండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు